ఇంగువ డబ్బాలో ఇంగ్లీషు

మొన్న ఆదివారం చారు పోపులో ఇంగువ పడగానే మా అమ్మాయి ముక్కు మూసుకుని, "మమ్మీ, యే క్యా స్మెల్ హై?" అంది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఇంగువ అని చెప్పి ఊరుకోవలసింది. కానీ ఆ వాసన తగిలితే నాకు చారు గుర్తుకు రాదు, ఇంగ్లీషు మాటలు గుర్తొస్తాయి. రిలక్టెంట్, స్టబ్బర్న్, లింగర్, కన్సోల్. గరిటె చేత్తో పట్టుకుని అవన్నీ ఒక్కొక్కటీ పైకి అంటుంటే పిల్ల నన్ను ఎగాదిగా చూసి, వాళ్ళ నాన్నని పిలవడానికి వెళ్ళింది. ఇంగువకీ ఇంగ్లీషుకీ ఏమిటి సంబంధమని ఎవరైనా అడిగితే నేను ఒక మనిషి పేరు చెప్పాలి. ఆవిడ పేరు విశాలాక్షి. మేం ఆంటీ అనేవాళ్ళం.

ఆవిడ టీచరు కాదు. ఢిల్లీలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరు. ఊరు విజయనగరం. చదివింది పదో తరగతి, అదీ తెలుగులో. భర్త బదిలీ మీద నాగపూర్‌లో ఉండడంతో ఆర్.కె.పురం సర్కారు క్వార్టరులో ఒక్కతే ఉండేది. ఇరవై రెండేళ్ళు చెవికి యంత్రం తగిలించుకుని కూర్చున్న మనిషి కాబట్టి ఇంట్లో కూడా ఆ అలవాట్లు పోలేదు. కుక్కరు కూత వేస్తే మాట్లాడుతున్నవాళ్ళకి "హోల్డాన్" అని చెయ్యెత్తి లోపలికి వెళ్ళేది. మనం సోది మొదలుపెడితే "లైను ఖాళీ చెయ్యి నాన్నా, వెనకాల చాలామంది ఉన్నారు" అనేది. వెనకాల ఎవరూ ఉండరు. అయినా మనం నోరు మూసుకునేవాళ్ళం. కోపం వస్తే అరవదు, మాట మధ్యలోనే కట్ చేసేస్తుంది. మొదట్లో నాకది పొగరనిపించింది. నా పొగరు ముందు ఆవిడది ఏపాటిదో తర్వాత తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మెట్రో రైలు ఇంకా కరోల్ బాగ్ దాకా రాలేదు. నేను నల్లగొండ జిల్లా నుంచి సివిల్స్ రాయడానికి ఢిల్లీ వచ్చి, బేర్ సరాయ్‌లో సుజాత అనే అమ్మాయితో కలిసి ఒక గదిలో ఉండేదాన్ని. మంచం మీంచి చెయ్యి చాపితే ఎదుటి గోడ అందేది. చదువంతా తెలుగు మాధ్యమం. మెయిన్స్ పరీక్ష తెలుగులో రాయవచ్చు కాబట్టి చరిత్ర, తెలుగు సాహిత్యం, వ్యాసం, అన్నీ తెలుగులోనే రాశాను. కాని ఒక్క ఇంగ్లీషు పేపరు మాత్రం అందరూ రాసి తీరాలి. పదో తరగతి స్థాయి పేపరు. దాని మార్కులు ఎక్కడా కలపరు, పాసైతే చాలు. పాసు కాకపోతే మాత్రం మిగతావి లెక్కలోకే రావు. మొదటిసారి నాకు అదే జరిగింది. మూడేసి గంటల చొప్పున వేళ్ళు వాచిపోయేలా రాసిన ఏడు పేపర్లని ఎవరూ తెరిచి చూడలేదు. తప్పానన్న బాధ కన్నా ఎవరూ చదవలేదన్న బాధ నన్ను ఎక్కువ కాల్చింది. చదివి, ఇందులో సరుకు లేదు పొమ్మన్నా ఊరుకునేదాన్ని. మా నాన్న ఫోన్లో, "ఇంకొక్కసారి రాయి బిడ్డా. గదే ఆఖరు. తర్వాత ఇంటికొచ్చి బీఈడీ చెయ్యి" అన్నాడు. నేను సరేనన్నాను. ఈసారైనా నా రాత ఎవరో ఒకరు చదవాలి, ఆ తర్వాత ఏమైనా కానీ అనుకున్నాను.

ఇంగ్లీషులో ఎందుకు తప్పానో నాకు అర్థం కాలేదు. ఎందుకంటే అప్పటికి నా దగ్గర మూడు వేల మాటలున్న నోటు పుస్తకం ఉంది. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. రోజుకి ముప్ఫై చొప్పున బట్టీ కొట్టి, పొద్దున్నే నీళ్ళ కోసం బకెట్లతో లైన్లో నిలబడి అప్పజెప్పుకునేదాన్ని. తెలుగు మాధ్యమంలో చదివి అక్కడికి వచ్చిన ప్రతివాడి దగ్గరా అలాంటి పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ఒకరికొకరు అరువిచ్చుకోవడానికి కూడా ఒప్పుకునేవాళ్ళం కాదు. పరీక్షలో వ్యాసం రాయమంటే, నేర్చుకున్నవాటిలో ఎన్ని పడితే అన్ని కుక్కాను. మిరపకాయ బజ్జీ చేయమంటే ఇంట్లో ఉన్న మసాలాలన్నీ పోసినట్టు. నా బాధ చూడలేక సుజాత, "మా విశాలాక్షి పిన్ని ఉంది, ఆదివారం పిల్లలకి ఇంగ్లీషు చెప్తాది. ఒకసారి రా" అంది.

ఆ ఆదివారం పొద్దున ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం. ముందు గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో స్టూలు, స్టూలు మీద రేకు డబ్బా. అనంతపురం నుంచి వచ్చిన ఓబులేసు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. అతనూ మా లాగే పరీక్షకి చదువుతున్నవాడు. ఆంటీ నా చేతిలో పుస్తకం వైపు చూసింది.

"ఏటమ్మా ఇది?"

"వర్డ్స్ మేడం. మూడు వేలున్నయి. అన్నీ నోటికొచ్చు."

"మేడములు ఆఫీసులో ఉంటారు. నేను ఆపరేటర్ని. ఆంటీ అను చాలు." పుస్తకం తీసుకుని ఎక్కడో మధ్యలో తెరిచింది. "రిలక్టెంట్?"

"అయిష్టమైన, విముఖత గల," అన్నాను గుక్క తిప్పుకోకుండా.

"బాగుంది. ఎక్కడ చూసినావు దాన్ని?"

"గా పేజీలనే. కింద నుంచి మూడోది."

"పేజీలో కాదు నాన్నా. ఢిల్లీలో ఎక్కడ చూసినావు? రిలక్టెంటుగా ఉన్న మనిషి ఎవరైనా కనబడినారా నీకు?"

నాకు ఒళ్ళు మండింది. మనుషుల్ని చూడ్డానికి వచ్చానా నేను? పైగా ఓబులేసు తల దించుకుని నవ్వుతున్నాడు. ఆంటీ నా పుస్తకం మూసి, తన బీరువా మీద పెట్టి, "ఇది ఇక్కడుండనీ. ఎక్కడికీ పోదు" అంది. నా కష్టమంతా అలా బీరువా ఎక్కేసింది. మూత తీసి డబ్బా నా ముందుకు జరిపింది. గుప్పుమని ఇంగువ వాసన. లోపల మడతపెట్టిన చీటీలు. ఒక చీటీ తీయమంది. తీశాను. అందులో అర్థం లేదు, వాక్యం లేదు, ఒక్క మాటే ఉంది. ఆవిడ కావాలని తీయించిందో, నా ఖర్మో తెలీదు, అది కూడా రిలక్టెంటే.

ఆ ఇంటి పద్ధతి ఇదీ. ఆదివారం ఒక్కొక్కరికీ ఒక్క మాట. బుధవారం దాకా నిఘంటువు ముట్టుకోకూడదు, ఎవరినైనా అడగవచ్చు, ఊహించవచ్చు. బుధవారం అర్థం చూసుకుని, మిగిలిన రోజుల్లో ఆ మాటని ఊళ్ళో మూడుచోట్ల కళ్ళారా చూడాలి. మళ్ళీ ఆదివారం వచ్చి, వాటిలో బాగా కుదిరినదొకటి చెప్పాలి. మిగతా ఇద్దరూ లాయర్లలా ప్రశ్నలు వేస్తారు. వాళ్ళు ఒప్పుకుంటే మాట మనది. ఒప్పుకోకపోతే చీటీ మళ్ళీ డబ్బాలోకి. మొదటి రెండు నెలలు తెలుగులో చెప్పవచ్చు, తర్వాత ఇంగ్లీషులోనే చెప్పాలి. వారానికి ఒక్క మాట! రోజుకి ముప్ఫై మింగినదాన్ని. ఈ లెక్కన పరీక్ష నాటికి నాకు వచ్చేది పాతిక మాటలు. దారిలో సుజాత మీద విరుచుకుపడ్డాను. అది మాత్రం తాపీగా, "నీ మూడు వేలతో ఏటి జరిగిందో చూసినాం కదా" అంది.

వదిలేద్దామనుకున్నాను గానీ ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. నిజంగానే, అయిష్టం అనేది మనిషి మీద ఎలా కనిపిస్తుంది? మొహంలోనా, నడకలోనా? మెస్సులో నాలుగో రొట్టె వేసేటప్పుడు వడ్డించేవాడి చేతిని గమనించాను. నీళ్ళ లైన్లో ముందుకు జరగని ఒక ముసలావిడని గమనించాను. కరోల్ బాగ్ వెళ్ళాలంటే రానని మొహం తిప్పుకున్న ఆటో అతన్ని చూసి, దొరికాడనుకున్నాను. ఆదివారం గొప్పగా అదే చెప్పాను.

ఓబులేసు వెంటనే పట్టుకున్నాడు. "వాడు రాననే అన్న్యాడు గదా. రానన్నోడికి ఇంక అయిష్టమేంది, వాడు తేల్చేసినాడు."

"మనసుల ఇష్టం లేకనే కదా రానన్నడు?" అన్నాను.

"మరి ఇష్టం లేకపోయినా వొచ్చినోడిని ఏమంటావు?" అంది సుజాత.

ముగ్గురం ఆంటీ వైపు తిరిగాం. ఆవిడ నిక్షేపంగా చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. అర్థం తను చెప్పదు, ఎవరిది ఒప్పో కూడా చెప్పదు. "నన్నెందుకు చూస్తారు? లైను మీ ముగ్గురి మధ్యా ఉంది" అంది. అరగంట వాదించుకుని నేను ఓడిపోయాను. చీటీ డబ్బాలోకి వెళ్ళింది. ఇంటికి వచ్చాక గమనించాను, ఆ అరగంటా మేం ఒకే ఒక్క ఇంగ్లీషు మాటని అటూ ఇటూ తిప్పి చూశాం. నా పుస్తకంలో ఆ మాటకి నేను ఇచ్చింది రెండు క్షణాలు.

మరుసటి వారం మళ్ళీ అదే మాట అడిగి తీసుకున్నాను. పంతం. గురువారం సాయంత్రం బేర్ సరాయ్‌లో పాత పుస్తకాల దుకాణం ముందు నిలబడి ఉండగా కళ్ళజోడు పెట్టుకున్న ఒకతను వచ్చాడు. చంకలో చరిత్ర పుస్తకాల కట్ట. అలాంటివాళ్ళని చూడగానే తెలిసిపోతుంది, రాయవలసిన సార్లన్నీ రాసేసి ఊరికి వెళ్ళిపోతున్నవాళ్ళు. కట్టని గల్లా మీద పెట్టాడు. దుకాణదారు లాక్కోబోయాడు. కట్ట కదల్లేదు. చూస్తే, అతని చెయ్యి ఇంకా పైపుస్తకం మీదే ఉంది. "భయ్యా, దేనా హై యా నహీ?" అని అడిగాడు దుకాణదారు. ఇవ్వడానికే వచ్చానని అతను తల ఊపాడు, నవ్వాడు కూడా. చెయ్యి మాత్రం తీయలేదు. ఆఖరికి ఒక్కొక్క వేలే తీశాడు. నాకు అకస్మాత్తుగా ఏడుపొచ్చింది. ఇంకో ఏడాదికి నేనూ అలాగే నిలబడతానేమో అని భయం వేసింది. ఆ భయంలోనే, ఇదే, ఇదే ఆ మాట అని తెలిసింది. ఆ ఆదివారం నేను చెప్పడం పూర్తయ్యాక ఓబులేసు ప్రశ్న వేయలేదు. "మాట నీదే," అన్నాడు. ఇప్పటికీ రిలక్టెంట్ అని ఎక్కడ చదివినా అయిష్టమైన అన్న అర్థం తట్టదు నాకు, పుస్తకం అట్ట మీది వేళ్ళు కనిపిస్తాయి.

ఆ తర్వాత ఢిల్లీ నాకు వేరే ఊరైపోయింది. అంతకు ముందు నేను అందులో చూసింది గదీ, మెస్సూ, కరోల్ బాగ్ కోచింగ్ సెంటరూ మాత్రమే. ఇప్పుడు బస్సెక్కితే పనే. స్టబ్బర్న్ కోసం వారమంతా తిరిగి, గేరు పడని లారీని చూపిస్తే యంత్రాలకి మొండితనం ఉంటుందా అని గంటసేపు వాదన. లింగర్ అనే మాట సుజాతకి పడింది. ఫలితాల జాబితా చూసుకున్నాక కూడా బోర్డు దగ్గర్నుంచి కదలకుండా నిలబడిపోయేవాళ్ళని తను చూసి వచ్చింది. వాళ్ళని మేం రోజూ చూస్తూనే ఉన్నాం, కానీ ఆ పనికి ఒక మాట ఉందని తెలియక సరిగ్గా చూడలేదు. ఓబులేసుకి పాంపస్ పడితే, అలాంటి డాంబికుడు మూడు రోజులు దొరక్క తిరిగి, చివరికి అద్దంలో తనే కనిపించానని వచ్చి చెప్పాడు. ఆంటీ అంతలా నవ్వడం అప్పుడే చూశాను. మూడు నెలలయ్యేసరికి మా మాటల మధ్యలోకి ఇంగ్లీషు తనంతట తనే వచ్చి కూర్చుంది. వాదనలో గెలవాలనే తొందరలో తప్పులు వస్తాయని సిగ్గుపడడం మరిచిపోయాం. ఆవిడ తప్పులు దిద్దేది కాదు. మనం చెప్పింది అర్థం కాకపోతే, "లైను సరిగ్గా లేదు, మళ్ళీ చెప్పు" అనేది, అంతే.

సెప్టెంబరు వచ్చింది. పరీక్ష దగ్గర పడింది. నాకు కన్సోల్ అనే చీటీ వచ్చింది. ఓదార్చడం. ఆ వారం వరసగా కోచింగ్ పరీక్షలు, బయటికి అడుగు పెట్టలేదు. శనివారం సాయంత్రానికి ఒక్కటి కూడా చూడలేదు. చూడలేదని చెబితే పోయేది. కానీ అప్పటికి నాకు బాగా చెబుతానని పేరొచ్చింది, ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఒక కథ అల్లాను. కరోల్ బాగ్ బస్టాపు, పరీక్ష తప్పి ఏడుస్తున్న ఒక అమ్మాయి, పక్కనే బండి మీద పచ్చిబఠాణీలు అమ్ముకునే ముసలావిడ. ఆ ముసలావిడ ఏమీ మాట్లాడకుండా అమ్మాయి దోసిట్లో గుప్పెడు బఠాణీకాయలు పోసి, తనతో కలిసి ఒలవమంది. ఇద్దరూ కూర్చుని ఒలుస్తూ ఉంటే ఏడుపు దానంతట అదే ఆగింది. ఆదివారం దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. నాకే ముచ్చటేసేలా వచ్చింది. సుజాత కళ్ళు తుడుచుకుంది. ఓబులేసు చప్పట్లు కొట్టి, "ఇంక ప్రశ్నలేముండాయి, ఇచ్చెయ్యండి ఆంటీ" అన్నాడు.

ఆంటీ చీటీ చేతిలోనే పట్టుకుని ఉంది. "బాగుంది. బఠాణీలు ఎలాగున్నాయి నాన్నా? లేతవేనా?"

"లేతవే ఆంటీ."

"మొన్న ఆఫీసు నుంచి వస్తూ బజారంతా వెతికినాను. ఒక్క కాయ దొరకలేదు. ఢిల్లీలో చలి పడితే గానీ బళ్ళ మీదికి బఠాణీ రాదు కదా. సెప్టెంబరులో ఏ బస్టాపులో దొరికిందో చెప్తే నేనూ ఎల్తాను."

అడ్డంగా దొరికిపోయాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు మాట మధ్యలో కట్ చేసి లోపలికి వెళ్ళిపోతుందని ఎదురుచూశాను. వెళ్ళలేదు. గోడ గడియారం వైపు చూసి, "ఎనిమిది నిమిషాలు," అంది. "ఎనిమిది నిమిషాలు ఇంగ్లీషులో అబద్ధం ఆడినావు. ఒక్కసారి తెలుగులోకి జారలేదు, ఒక్క పెద్ద మాట వాడలేదు, వీళ్ళిద్దరూ నమ్మీసినారు. ఇంక ఆ పేపరు గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. గానీ ఈ మాట మాత్రం నీకివ్వను." చీటీ మడిచి డబ్బాలో వేసి మూత పెట్టింది. అవమానమూ సంతోషమూ ఒకేసారి తగిలితే మనిషి ఏం చేస్తాడు? నేను నవ్వుతూ ఏడ్చాను. ఓబులేసు మాత్రం బఠాణీల సంగతి తనకెందుకు తట్టలేదని చాలాసేపు బాధపడ్డాడు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక నన్ను ఆపి టీ ఇచ్చింది. ఆవిడ ఇంట్లో టీ దొరకడం చిన్న విషయం కాదు. ఒక్క మాటకి ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకి ఇంగ్లీషు రాదు. చెప్పమన్నది చిలకలా చెప్పేది. ఒకసారి పెద్దాఫీసరు ఒకాయన రావడం మానేశాడు. ఎవరైనా అడిగితే "సార్ ఈజ్ ఇండిస్పోజ్డ్" అని చెప్పమన్నారు. ఆ మాటేమిటో తెలియదు, వినడానికి మాత్రం గొప్పగా ఉంది. రెండు వారాలపాటు వచ్చిన ప్రతి ఫోనుకీ హుషారుగా అదే చెప్పింది. ఒక రోజు వేరే ఊరి నుంచి ఎవరో ఆడమనిషి ఫోను చేసింది. ఆవిడకీ అంతే హుషారుగా చెప్పింది.  అవతలావిడ "ఐయామ్ హిజ్ సిస్టర్" అని పెట్టేసింది. ఒంట్లో బాగాలేక ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని, ఆ మాటకి అర్థం అదేనని ఆంటీకి ఆ సాయంత్రం తెలిసింది.

"ఆవిడ మొహం నేను చూడలేదు," అంది ఆంటీ. "గొంతు కూడా రెండు ముక్కలే. గానీ ఇప్పటికీ మరిచిపోలేను. అన్నగారు మంచం మీద ఉన్నాడని నేను పండగ కబురు చెప్పినట్టు చెప్పినాను. తెలీని మాట నోట్లో పెట్టుకుంటే అలాగవుతాది. ఆ రోజు నుంచి, కొత్త మాట వింటే రాసి డబ్బాలో వేసీదాన్ని. ముగ్గురి నోట విని, ఆ గొంతు ఎలాగుందో తెలిసినాక గానీ నేను అనీదాన్ని కాదు."

ఆ పద్ధతి పిల్లల చదువు కోసం పుట్టలేదని నాకు అప్పుడు తెలిసింది. ఒక్క ఫోను వల్ల పుట్టింది. తను చెవితో చేసిన పని మా చేత కళ్ళతో చేయించింది. నేను అబద్ధం చెప్పినందుకు కోపం రాలేదా అని అడిగితే, "నీకు కథలు వొచ్చు, మంచిదే. గానీ నువ్వు చూడని ఓదార్పు ఇంకొకళ్ళకి ఎలా ఇస్తావు?" అంది.  ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

పరీక్ష రోజు ఇంగ్లీషు పేపరు తెరిచినప్పుడు వ్యాసానికి ఇచ్చిన అంశాల్లో ఒకటి నాకు తెలిసినట్టు అనిపించింది. చిన్న చిన్న వాక్యాలతో, నేను చూసినవే రాశాను. పుస్తకాల దుకాణంలో అతని చెయ్యి, బోర్డు దగ్గర నిలబడిపోయినవాళ్ళు. బీరువా మీది మూడు వేల మాటల్లో పది కూడా వాడి ఉండను. బయటికి వస్తుంటే చెయ్యి తేలిగ్గా ఉంది. మిగతా పేపర్లు తెలుగులో ఎప్పటిలాగే రాశాను. నెలలు గడిచాయి. మెయిన్స్ ఫలితాల్లో నా నంబరు లేదు. సుజాతది కూడా లేదు. ఓబులేసుది ఉంది. అతని భుజం తట్టి అభినందించాను, నిజంగానే సంతోషించాను, ఆ తర్వాత గదిలోకి వెళ్ళి దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. నాన్నకిచ్చిన మాట ప్రకారం సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను. చరిత్ర పుస్తకాలు అదే దుకాణానికి తీసుకెళ్ళి అదే గల్లా మీద పెట్టాను. నా చెయ్యి ఎంతసేపు ఉందో నేను చూసుకోలేదు.

తర్వాత మార్కుల కాగితం వచ్చింది. అప్పటికి ఆంటీకి నాగపూర్ బదిలీ అయింది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాను. నా గొంతు వినగానే, "ఏటైంది?" అంది. ఆవిడకి హలో లేదు.

"రాలేదు ఆంటీ. కొంచెంల పోయింది."

"ఇంగ్లీషు?"

"పాసైన."

"అయితే మిగతా పేపర్లు దిద్దినారా?"

"దిద్దిన్రు. అన్నిటికీ మార్కులు వేసిన్రు."

 ఇక కట్ చేసేస్తుందనుకున్నాను.

"అయితే నువ్వు రాసింది ఎవరో కూర్చుని చదివినారన్న మాట," అంది నెమ్మదిగా. "ఏడు పేపర్లూ. మొదటి నుంచి చివరిదాకా. చాలా మంచి కబురు చెప్పినావు నాన్నా."

నేను బూత్ అద్దానికి తల ఆనించి నిలబడిపోయాను. ఫెయిలయ్యానని చెప్పడానికి చేసిన ఫోను అది. అందరూ ఓదార్చారు, ఇంకోసారి రాయమన్నారు, తలరాత అన్నారు. ఒక్కరికీ నాకు నిజంగా కావలసింది ఏమిటో గుర్తులేదు. నాకే గుర్తులేదు. ఆవిడకి గుర్తుంది. నేను ఏడుపు మొదలుపెడితే, "ఏడువు పరవాలేదు, లైను నేను పట్టుకుంటాను" అంది. నిజంగానే పట్టుకుంది.

నాన్న చెప్పినట్టే బీఈడీ చేశాను. పెళ్ళయి మళ్ళీ ఢిల్లీ వైపే వచ్చి, ఇక్కడ ఒక బడిలో ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. ఆంటీ రెండేళ్ళ క్రితం పోయిందని సుజాత చెప్పింది. నా తరగతిలో కూడా వారానికి ఒక్క మాటే. పిల్లలు దాన్ని లిఫ్టులో, బడి బస్సులో, పార్కులో వెతికి, చూసింది నాలుగు లైన్లు రాసుకొస్తారు. సోమవారం నా బల్ల మీద నలభై నోటు పుస్తకాలుంటాయి. వాదించుకోవడం వాళ్ళకి ఎంత ఇష్టమో, అక్షరాలు అంత అధ్వానం. తోటి టీచర్లు, ఒక టిక్కు పెట్టి సంతకం చేస్తే సరిపోదా, ఇవన్నీ ఎవరు చదువుతారు అంటారు. ఎవరు చదువుతారన్న ఆ మాట ఎవరి నోట విన్నా నాకు ఇంకా ఎక్కడో చురుక్కుమంటుంది. నేను ప్రతి పుస్తకం తెరిచి, చివరి లైను దాకా చదివి, అప్పుడే పక్కన పెడతాను. పిల్లలు తిరిగి తీసుకుంటూ ఎప్పుడూ ఒకటే అడుగుతారు, "మ్యామ్, ఆప్‌నే మేరా పఢా?" అని. చదివానంటాను. చదివాకే అంటాను.